గాలిలో సురక్షితం

మానవుడు చక్రాన్ని కనిపెట్టి కొన్ని వేల ఏళ్లయిందని చిన్నప్పుడు చదువుకున్నాం. అయి ఉండవచ్చు. కానీ ఆ చక్రం బండికి ఎంత లోపలికి ఉండాలి, ఎంత బయటికి ఉండాలి అన్న మహత్తరమైన ప్రశ్న మాత్రం మా ఊళ్లో చక్రాల అమరిక పరిశీలన కార్యాలయం తెరిచేదాకా ఎవరికీ తట్టలేదు. అంతవరకూ జనం చక్రం తిరిగితే చాలనుకుని, అజ్ఞానంలోనే బయలుదేరి, అజ్ఞానంలోనే ఇళ్లకు చేరేవారు. (చేరేవారన్న మాటను కార్యాలయం వారు ఇంకా ధ్రువీకరించలేదు.)

మా కారుకు పన్నెండేళ్లు. వచ్చినప్పటి నుంచి ఇనప చక్రాలే. వాటి మీద నాలుగు ప్లాస్టిక్ మూతలు ఉండేవి. ఒకటి ఎప్పుడో దొర్లుకుంటూ వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. వారానికి ఆ కారు చేయవలసిన ముఖ్యమైన పని ఒకటే. ప్రతి శనివారం పొద్దున పది గంటలకల్లా మా అమ్మను గుట్ట మీద ప్రార్థన మందిరానికి చేర్చాలి. మిగతా ఆరు రోజులూ అది అందుకోసం విశ్రాంతి తీసుకుంటుంది.

మందిరంలో మొదటి పాట అమ్మది. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఒక్క శనివారం తప్పలేదు. మొదటి పాట ఎవరు ఎత్తుకోవాలన్న దానికి అక్కడ ఒక నిబంధన ఉంది. అందరిలోకీ పెద్దవారు ఎత్తుకోవాలి. గడియారం పది కొట్టేసరికి వారు లోపల లేకపోతే ఆ తర్వాతి పెద్దవారు ఎత్తుకోవాలి. ఒకసారి చేయి మారిందంటే ఇక పాట కొత్తవారిదే, వారు కూడా రాలేని శనివారం వచ్చేదాకా. గొడవలు లేకుండా ఉండాలని ఇలా రాశారు. (రాసింది నేనే. కమిటీలో నా దస్తూరీ గుండ్రంగా ఉంటుందని పుస్తకం నా చేతికిచ్చారు. అప్పట్లో అందరూ మెచ్చుకున్నారు.)

ఆ తర్వాతి పెద్దావిడ మా పక్కింటి పెద్దమ్మ. అమ్మకంటే ఏడు నెలలు చిన్న, అయినా వీధిలో అందరికీ పెద్దమ్మే. పదకొండేళ్లుగా ప్రతి శుక్రవారం సాయంత్రం ప్రహరీ గోడ మీంచి తొంగిచూసి అమ్మ ఆరోగ్యం అడుగుతుంది. "వదినా, మోకాళ్లెలా ఉన్నాయి? నిద్ర పడుతోందా? రేపు రాగలవా?" అని. ఇంత ఆపేక్షగా అడిగేవాళ్లు మా చుట్టాల్లో కూడా లేరు. నిక్షేపంలా ఉన్నానని అమ్మ చెప్పగానే ఆవిడ ఎంతో సంతోషించి, మొహం చిన్నబుచ్చుకుని లోపలికి వెళ్తుంది.

ఇలా అన్నీ సవ్యంగా ఉన్న రోజుల్లో పక్క వీధిలో ఆగి ఉన్న ఒక కారుకు నేను మెరిసే చక్రాలు చూశాను. రోజూ పొద్దున దీపం వెలిగించి, ఉన్నదాంతో తృప్తిగా ఉండేలా చూడు తండ్రీ అని దణ్ణం పెట్టుకునేవాణ్ణి. ఆ రోజు కూడా పెట్టుకున్నాను. పెట్టుకుని తిన్నగా చక్రాల కొట్టుకు వెళ్లాను.

ఆ కొట్టాయన్ని అందరూ మిల్లీమీటరు అంటారు. కొలతలు బాగా తీస్తాడని కాదు. ఎవరేం అడిగినా "ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయితే ఏమవుతుందండీ" అంటాడని. ఆయనే నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి ఆఫ్‌సెట్ గురించి బోధించాడు. చక్రం వెడల్పుకు సరిగ్గా నడిమధ్య ఒక గీత ఉందనుకోవాలి. చక్రాన్ని బోల్టులతో కారుకు బిగించే ముఖం ఒకటి ఉంటుంది. ఆ ముఖం ఆ గీతకు ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో చెప్పే అంకే ఆఫ్‌సెట్. అంకె పెద్దదైతే చక్రం కారు కడుపులోకి వెళ్తుంది. చిన్నదైతే బయటికి వస్తుంది. మా ఇనప చక్రాల ఆఫ్‌సెట్ నలభై అయిదు. నేను ముచ్చటపడిన వాటిది ఇరవై. పైగా అవి ఒక అంగుళం వెడల్పు ఎక్కువ.

నేను శ్రద్ధగా విన్నాను. నలభై అయిదు నుంచి ఇరవైకి పడిపోయినందుకు, మార్కులు తగ్గినప్పుడు కలిగేలాంటి బాధ కొంచెం కలిగింది. కానీ అవి మెరుస్తున్నాయి. మరి పడతాయా అని అడిగాను. మిల్లీమీటరు జాకీ పెట్టి కారును పైకి లేపి, కొత్త చక్రం బిగించి, వేలితో తిప్పాడు. అది గాలిలో ఎక్కడా తగలకుండా, చప్పుడు లేకుండా, చూస్తున్నకొద్దీ చూడాలనిపించేలా తిరిగింది. నా జీవితంలో ఏదీ అంత సాఫీగా తిరగడం నేను చూడలేదు. పాత చక్రాలు ఆయన దగ్గరే వదిలేసి వచ్చాను.

ఇంటి ముందు ఆపగానే అమ్మ వరండాలోంచి చూసింది.

"పాతవి గుండ్రంగా లేవట్రా?"

మా ఆవిడ బట్టలు కుడుతుంది. ఇతరులు కుట్టిన చొక్కాను చూసినట్టు ఆ చక్రాలను ముందు నుంచీ వెనక నుంచీ చూసింది. నేను ఆఫ్‌సెట్ గురించి చెప్పడం మొదలుపెట్టాను. సగంలో ఆపింది.

"కాజా సంగతేగా," అంది. "గుడ్డ అంతే ఉంటుంది. కాజా ఇంకాస్త లోపలికి జరిపి కుడితే, అంచు ఆ మేరకు బయటికి పొడుచుకొస్తుంది. మీవి రెండు వేళ్లు పొడుచుకొచ్చాయి."

టేపు పెట్టి కొలిచింది కూడా. ఆఫ్‌సెట్ తగ్గినందుకు ఇరవై అయిదు, వెడల్పు పెరిగినందుకు సగం అంగుళం, వెరసి ముప్ఫై ఎనిమిది మిల్లీమీటర్లు. మిల్లీమీటరు నాకు అరగంట సేపు చెప్పిన శాస్త్రాన్ని ఆవిడ బొత్తాం కుట్టే వ్యవధిలో తేల్చేసింది. నాకది కొంత నిరుత్సాహంగా అనిపించింది.

శుక్రవారం దాకా నేనొక్కణ్ణే తిరిగాను, ఏ ఇబ్బందీ లేదు. శనివారం అమ్మ వెనక సీట్లో ఎక్కింది. పక్కన మా ఆవిడ, ఆవిడ ఒళ్లో పాటల పుస్తకాల సంచి. మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర వెనకనుంచి గర్రుమని ఒక మోత వచ్చింది. పొద్దున ఏం తిన్నావురా అని అమ్మ నన్ను అడిగింది. రెండో దాని దగ్గర మోతతో పాటు రబ్బరు కాలిన వాసన వచ్చింది. అప్పుడు నన్ను అనుమానించడం మానేసింది. వెనక మనుషులు కూర్చున్నప్పుడు కారు ఒళ్లు కిందికి దిగుతోంది, దిగినప్పుడు బయటికున్న టైరును మడ్‌గార్డు అంచు కొరుకుతోంది. గుట్ట ఎక్కేసరికి పదికి రెండు నిమిషాలు. పెద్దమ్మ అప్పటికే గొంతు సవరించుకుంటోంది.

ఇక్కడ నేను మిల్లీమీటరు దగ్గరకు వెళ్లి పాత చక్రాలు తెచ్చుకుని ఉంటే, ఈ కథ రాయవలసిన పని ఉండేది కాదు. కానీ పేపర్లో ఒక ప్రకటన చూశాను. కంపెనీ ఇచ్చినవి కాక వేరే చక్రాలు వేసుకున్నవారు స్వచ్ఛందంగా కార్యాలయానికి తెలియజేయాలి. దేవుడి ముందు నిలబడి ఏం చేయమంటావని అడిగాను. ఆయన ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనలేదంటే నిజం చెప్పమనే అర్థమని చిన్నప్పటి నుంచి నా నమ్మకం. (ఈ నమ్మకం వల్ల నాకు మేలు జరిగిన సందర్భాలను గుర్తు తెచ్చుకుంటున్నాను. రాగానే రాస్తాను.)

సోమవారం వెళ్లాను. ఒకటో కిటికీ దగ్గర గుమస్తా ఫారం తీసి, మిమ్మల్ని ఎవరు పట్టుకున్నారని అడిగాడు.

"ఎవరూ పట్టుకోలేదండీ. నేనే వచ్చాను."

"పట్టుకోకుండా ఎలా వచ్చారు?"

అతను లేచి వెళ్లి పక్క కిటికీ అతన్ని పిలుచుకొచ్చాడు. ఇద్దరూ కలిసి నన్ను చూశారు. స్వచ్ఛందంగా వచ్చినవారు ఆ కార్యాలయ చరిత్రలో నేనే మొదటివాణ్ణట. ఒంట్లో బాగుందా అని అడిగి, కుర్చీ వేసి, టీ తెప్పించారు. ఫారంలో "పట్టుకున్న అధికారి" అన్న గడి ఖాళీగా వదలడానికి వీల్లేదు కాబట్టి అందులో నా పేరే రాయించారు. ఆ విధంగా నన్ను నేను పట్టుకున్నాను. పట్టుబడిన వాహనం పరీక్ష అయ్యేదాకా కార్యాలయం ఆవరణలోనే ఉండాలి, ఏ చక్రాలతో వచ్చిందో ఆ చక్రాలతోనే ఉండాలి. పట్టుకున్న అధికారిగా తాళాలు అప్పగించి, పట్టుబడిన వ్యక్తిగా రసీదు తీసుకున్నాను.

కార్యాలయంలో రెండు విభాగాలున్నాయి. మొదటి అంతస్తులో బయటికి పొడుచుకొచ్చినవాటి విభాగం. రెండో అంతస్తులో లోపల రాసుకునేవాటి విభాగం. ఈ రెండింటికీ మాటల్లేవు. మడ్‌గార్డు అంచు ఎవరి కిందికి వస్తుందన్న తగువు తొమ్మిదేళ్లుగా నడుస్తోంది. ఆ అంచు మందం ఒక మిల్లీమీటరు. మొదటి అంతస్తువారు నా చక్రాలు ముప్ఫై ఎనిమిది మిల్లీమీటర్లు బయటికున్నాయి, లోపలికి జరపమన్నారు. రెండో అంతస్తువారు లోపల గతంలో కంటే పన్నెండు మిల్లీమీటర్ల ఖాళీ ఎక్కువైందని గమనించి, అంత ఖాళీ ఎందుకు వృథా చేశారో సంజాయిషీ రాయమన్నారు. లోపల ఏమీ రాసుకోవడం లేదు కదండీ అన్నాను. అదే మా అభ్యంతరం అన్నారు. ఇలా అందరూ రాసుకోకుండా తిరిగితే తమ విభాగం ఎందుకని ఆ పెద్దమనిషి నన్నే అడిగాడు. నేను సంజాయిషీ రాసి ఇచ్చాను.

తర్వాత యాప్. చక్రం ఫొటో అందులో ఎక్కించాలి. ఈ యాప్‌ను మొదట గుర్తింపు కార్డుల వారి కోసం తయారుచేశారట. మిగిలిపోతే ఇక్కడికి తెచ్చారు. ఆవరణలో కారు పక్కన నిలబడి ఫొటో తీశాను. చక్రం నవ్వుతోందని, మామూలు ముఖంతో ఉండాలని తిప్పి పంపింది. మెరుపు తగ్గేలా నీడలో తీశాను. కళ్లజోడు తీయమంది. మూడోసారి రెండు చెవులూ స్పష్టంగా కనిపించాలంది. సహాయ కేంద్రానికి ఫోన్ చేస్తే, చక్రానికి చెవులుండవన్న సంగతి తమకు తెలుసునని, ఆ సంగతి యాప్‌కు ఎవరు చెప్పాలో తేలలేదని మర్యాదగా వివరించారు. మంగళవారం మా ఆవిడ వంటింట్లోంచి రెండు సాసర్లు తెచ్చి, చక్రానికి అటొకటి ఇటొకటి ఆనించి నిలబెట్టింది. అభినందనలు, మీ ముఖం ఆమోదించబడింది అని వచ్చింది.

అన్నీ అయ్యాయనుకుంటే బుధవారం ఇంటికి ఉత్తరం వచ్చింది. వాహనంలో అలవాటుగా ప్రయాణించే లోడు ఏదైనా ఉంటే దాన్ని శనివారం ఉదయం ఎనిమిది గంటలకు హాజరు పరచాలి. లోడు అంటే అమ్మ. ఫారంలో బరువు, ఎత్తు, సాధారణంగా ఎటు వాలును అన్న గడులున్నాయి. అమ్మను ఎటు వాలుతావని అడిగాను.

"ఇప్పటిదాకా ఎటూ వాలలేదు," అంది.

ఎనిమిది గంటలంటే పదిహేను నిమిషాల్లో పని అయిపోతుందని, తొమ్మిదిన్నరకు గుట్ట మీద ఉండవచ్చని గుమస్తా నాకు చెప్పాడు. రాకపోతే మళ్లీ వంతు నలభై రోజులకు. గుట్ట కింద బస్సో ఆటోనో దిగితే రెండు వందల పన్నెండు మెట్లు. అమ్మ మోకాళ్లకు అవి కుదరవు. నలభై రోజులు కారు లేకపోతే ఆరు శనివారాలు. కాబట్టి వెళ్లక తప్పదు. శుక్రవారం సాయంత్రం ఈ సంగతి తెలిసి పెద్దమ్మ గోడ మీదికి ఎక్కినంత పని చేసి, మా వాడి కారులో నాతో వచ్చెయ్ వదినా, ఆ ఆఫీసు గోల నీకెందుకు అంది. అమ్మ నవ్వి, చాలా సంతోషం అని లోపలికొచ్చి, మా ఆవిడతో మెల్లగా అంది:

"ఆవిడ కారెక్కితే ఆవిడ బయల్దేరినప్పుడే బయల్దేరాలమ్మాయ్. రేపు ఆవిడ చెప్పు దొరకదు, తాళం చెవి దొరకదు. పది గంటలకు మాత్రం గేటు దగ్గర దొరుకుతుంది, నన్ను దింపి తను ముందు నడవడానికి."

శనివారం ఎనిమిదికి ముందే వెళ్లాం. పిలిచేసరికి తొమ్మిదయింది. ముఖ్య పరిశీలకుడు వచ్చాడు. సన్నగా, నిటారుగా, కర్ర మింగినట్టు ఉంటాడు. ఆరేళ్ల కిందట ఒక చక్రం పక్కన వంగి, నడుం పట్టేసి, మళ్లీ లేవడానికి నలుగురు కావలసి వచ్చిందట. ఆ రోజు నుంచి ఆయన వంగడు. ఆయన వంగలేడు కాబట్టి కారునే లిఫ్టు మీద ఆయన కళ్ల ఎత్తుకు లేపుతారు. అలా లేపినప్పుడు చక్రాలు కిందికి వేలాడి, చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య బెత్తెడు ఖాళీ ఏర్పడుతుంది. ఈ ఆరేళ్లలో ఆ కార్యాలయంలో ఒక్క కారు కూడా పరీక్ష తప్పలేదు. ప్రతి సంవత్సరం అవార్డు కూడా వస్తోంది. గోడ మీద వరసగా ఉన్నాయి.

ముందు లోడు కొలతలు. అమ్మ వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చుంది. ఆయన నిలబడే, పొడుగాటి స్కేలు లోపలికి పెట్టి, సీటు నడిమధ్య గీతకు అమ్మ ఎంత దూరంలో ఉందో చూశాడు. నూట పది మిల్లీమీటర్లు బయటికి. మా అమ్మకు ఆఫ్‌సెట్ ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

"కొంచెం లోపలికి జరగగలరా అమ్మా?" అని అడిగాడు, చాలా మర్యాదగా.

"ఏ కారెక్కినా కిటికీ పక్కనే కూర్చుంటాను నాయనా. నీ చక్రాన్ని జరుపుకో."

ఆయన ఫారంలో "లోడు సహకరించలేదు" అని రాసి, కిటికీ వైపున్న తలుపు గడియ వేసి, లేపమని సైగ చేశాడు. లేపే ఉద్యోగి మీట నొక్కాడు. కారు అమ్మతో సహా మెల్లగా గాలిలోకి లేచింది. అమ్మ బరువంతా ఇప్పుడు లిఫ్టు మోస్తోంది, చక్రాలు ఖాళీగా ఊగుతున్నాయి. పరిశీలకుడు కొలిచి, ఎనభై ఒక్క మిల్లీమీటర్ల ఖాళీ, బ్రహ్మాండం అన్నాడు.

నేను నోరు ఊరుకోక, "కిందికి దించితే రాసుకుంటోందండీ" అన్నాను. మా ఆవిడ నా కాలు తొక్కింది.

"దించితేనా?" అన్నాడు ఆయన. ఎన్నాళ్లుగానో తనను కూడా తొలిచేస్తున్న సంగతిని ఎవరో పైకి అనేసినట్టు నావైపు చూశాడు. తర్వాత అవార్డుల వైపు చూశాడు. "దించితే కారు నేల మీద ఉంటుంది. నేల రోడ్ల శాఖవారిదండీ. మాది కాదు."

అప్పటికి తొమ్మిదీ ఇరవై. ఇక దింపండి, వెళ్లాలి అంది మా ఆవిడ. అప్పుడు తెలిసింది. ఆ కార్యాలయంలో లేపే ఉద్యోగం వేరు, దింపే ఉద్యోగం వేరు. ఇద్దరికీ ఒకే పెట్టె మీద రెండు మీటలు: పైది ఆకుపచ్చ, మోకాలి ఎత్తున ఉన్న కిందిది ఎరుపు. దింపే ఆయన శనివారాలు పదకొండున్నరకు వస్తాడు. లేపే ఉద్యోగి తన పని అయిపోయిందని సంతకం పెట్టి వెళ్లిపోయాడు కూడా. మరి ఇన్నేళ్లుగా శనివారం వచ్చిన కార్లేం చేశాయని అడిగితే, ఖాళీ కార్లు గాలిలో ఉన్నా ఎవరూ తొందరపడలేదన్నారు. లోడుతో లేపడం ఇదే మొదలు.

మెట్లున్న నిచ్చెన ఒకటి తెచ్చి ఆనించారు. అమ్మ రెండోవైపు తలుపు తీసి దాన్ని చూసింది. తన మోకాళ్లను చూసుకుంది. తలుపు వేసుకుంది.

మా ఆవిడ మందిరం కార్యదర్శికి ఫోన్ చేసి కాస్త ఆగమని చెబుదామని, లోపల సిగ్నల్ లేక గేటు దగ్గరికి పరిగెత్తింది. ప్రార్థన వేళ ఫోన్లు ఆపి ఉంచాలని మందిరంలో నిబంధన. (అది కూడా నా దస్తూరీయే.) అవతల ఫోన్ మోగనే లేదని తర్వాత చెప్పింది. ఇవతల షెడ్డులో నేనూ పరిశీలకుడూ మిగిలాం. పైన అమ్మ.

ఎర్ర మీట నా చేతికి రెండడుగుల దూరంలో ఉంది. దాని పైన బోర్డు ఉంది: ప్రజలు మీటలను తాకరాదు. నేను బోర్డు చదివాను. మీటను చూశాను. మళ్లీ బోర్డు చదివాను. అక్షరాలు గుండ్రంగా, చక్కగా ఉన్నాయి. దేవుణ్ణి అడిగాను. ఆయన ఏమీ అనలేదు.

పదికి అయిదు నిమిషాలప్పుడు ముఖ్య పరిశీలకుడు ఒక పని చేశాడు. పెట్టె దగ్గరికి వెళ్లి, ఆరేళ్లలో మొదటిసారి, ఎర్ర మీట కోసం వంగాడు. సగం దాకా వంగాడు. అక్కడ ఆగిపోయాడు. చెయ్యి మీటకు జానెడు పైన ఉంది. కిందికీ పోడు, పైకీ రాడు.

"ఏం ఫరవాలేదు," అన్నాడు నేలతో. "నాకిది అలవాటే."

గోడ గడియారంలో ముల్లు పదికి వచ్చింది. పైన కారు అద్దం కిందికి దిగింది. అమ్మ కళ్లు మూసుకుని, ఒడిలో చేతులు పెట్టుకుని మొదటి పాట ఎత్తుకుంది. మందిరంలో ఎలా ఎత్తుకుంటుందో అలాగే, తొందర లేకుండా. రేకుల షెడ్డు కదా, గొంతు ఖంగున మోగింది. ఒకటో కిటికీ గుమస్తా లేచి నిలబడ్డాడు. వరసలో ఉన్నవాళ్లు టోపీలు, చెప్పులు తీశారు. మొదటి అంతస్తువారు ఒక కిటికీలోంచి, రెండో అంతస్తువారు వాళ్ల నెత్తి మీది కిటికీలోంచి తొంగిచూశారు; తొమ్మిదేళ్లలో రెండు విభాగాలూ ఒకే వైపు చూడడం అదే మొదటిసారట. సగం వంగి ఉన్న పరిశీలకుణ్ణి చూసి అందరూ ఆయన నమస్కరిస్తున్నాడనుకున్నారు. కొందరు ఆయనలాగే వంగారు. నాకు కళ్ల నీళ్లు తిరిగాయి. ముప్ఫై ఒక్క ఏళ్లలో అమ్మ అంత బాగా పాడడం నేను వినలేదు. పాట అయ్యాక ఎవరో వచ్చి "లోడు కంపించినట్లు గమనించడమైనది" అని ఫారంలో రాసి వెళ్లారు.

పదీ పావుకు మా ఆవిడ గేటు దగ్గర్నుంచి వచ్చింది.

"దింపే మీట ఏది?"

చూపించాను.

"అక్కడే ఉందిగా. మరి?"

"బోర్డు చూడు," అన్నాను.

బోర్డు చూసింది. నన్ను చూసింది. ఆ చూపు గురించి నేను ఇక్కడ రాయను. వంగి, మీట నొక్కింది. కారు మెల్లగా దిగి నేలను తాకింది. తర్వాత పరిశీలకుడి వీపు మీద ఒక చెయ్యి, పొట్ట మీద ఒక చెయ్యి వేసి, మడతపడిన కాలరు సర్దినట్టు ఆయన్ని నిటారుగా సర్ది నిలబెట్టింది.

ఆయన పత్రం రాసి ఇచ్చాడు. దాని మీద "గాలిలో సురక్షితం" అని ముద్ర ఉంది. కింద చిన్న అక్షరాల్లో "వాహనం అనధికారికంగా భూమిని చేరినది" అని రిమార్కు. స్వచ్ఛందంగా వచ్చినందుకు ఒక ప్రశంసాపత్రం కూడా జత చేశారు. దాని మీద సంతకం పట్టుకున్న అధికారిది కావాలన్నారు. పెట్టాను.

ప్రతి గతుకు దగ్గరా గర్రుమంటూ గుట్ట ఎక్కేసరికి పదకొండు. పెద్దమ్మ ముందు వరసలో ఉంది. మొదటి పాటే కాదు, ఊపులో ఇంకో మూడు కూడా పాడేసిందట. అమ్మ వెళ్లి రెండో వరసలో కూర్చుని, సంచిలోంచి పుస్తకం తీసుకుంది.

ఆ ఆదివారం కమిటీ కూర్చుంది. అమ్మ పది గంటలకే పాట ఎత్తుకుందని, దానికి ఒక కార్యాలయమంతా సాక్ష్యమని చెప్పి పత్రం చూపించాను. అందరూ దాన్ని చేతులు మార్చుకుంటూ చదివారు. అమ్మంటే అందరికీ గౌరవమే. గాలిలో పాడిన పాట లెక్కలోకి వస్తుందా అని చాలాసేపు సానుభూతితో ఆలోచించారు. చివరికి నిబంధనలో ఏముందో ఒకసారి చదవమని పుస్తకం నా చేతికే ఇచ్చారు. నా దస్తూరీ నాకు బాగా అర్థమవుతుంది కాబట్టి తడుముకోకుండా చదివాను. "లోపల లేకపోతే" అన్న మాటను రెండుసార్లు చదివాను. ఎవరికైనా ఏమైనా అనుమానం ఉందా అని కార్యదర్శి అడిగాడు. నాకే ఉంది. కానీ అనుమానాలు రాతపూర్వకంగా పదిహేను రోజుల ముందు ఇవ్వాలి.

మిల్లీమీటరు దగ్గర మా పాత ఇనప చక్రాలు అలాగే ఉన్నాయి. ఈసారి మా ఆవిడే వెళ్లింది. నలభై అయిదు అంకె వేలితో తడిమి చూసి, జాకీ మీద కాకుండా కారును నేల మీదికి దింపించి, వెనక సీట్లో మిల్లీమీటరునే కూర్చోబెట్టి, రెండు గతుకులు ఎక్కించి మరీ తెచ్చింది. ఇప్పుడు గర్రు లేదు. మూడు మూతలతో కారు గుట్ట ఎక్కి దిగుతోంది. ప్రతి శనివారం పదికి ఇరవై నిమిషాల ముందే చేరుతున్నాం. తొందరేమీ లేదు కూడా.

పక్కింటి పెద్దమ్మ మా అమ్మ ఆరోగ్యం అడగడం మానేసింది. ఇప్పుడు ప్రతి శుక్రవారం సాయంత్రం, మోకాళ్లు పట్టుకుంటూ గోడ దాకా వెళ్లి, అమ్మే ఆవిడ ఆరోగ్యం అడుగుతోంది.